సునాద సంవత్సరము ఎవరి బాకీని గూర్చి?
బీద దేశాల రుణమాఫీ బోధపై ఒక విమర్శ

బీద దేశాల అప్పులు రద్దు చేయాలని కోరిన ‘జూబిలీ 2000’ ఉద్యమానికి క్రైస్తవ సంఘాలు ఇచ్చిన మద్దతు ఇటీవలి సంఘ చరిత్రలో చిన్న విషయం కాదు. 1994లోనే పోపు రెండవ జాన్ పాల్ ఈ అంశాన్ని ప్రస్తావించారు. 1998 మే 16న జి-8 నాయకులు బర్మింగ్‌హామ్‌లో కూడినప్పుడు సుమారు 70,000 మంది చేతులు కలిపి నిలబడ్డారు. ఆ ఏడే లాంబెత్ మహాసభలో ఆంగ్లికన్ బిషప్పులు, హరారేలో ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి ఈ కోరికను బలపరచారు. 1999లో కొలోన్ సమావేశం తర్వాత బాకీల తగ్గింపు పథకం విస్తరించింది. 2023 డిసెంబరులో సోమాలియాతో కలిపి ఆ పథకాన్ని పూర్తి చేసిన దేశాలు 37 అయ్యాయి. ఈ ఫలాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దాని కోసం మనం చేసిన వాక్య వివరణపైనే నా అభ్యంతరం.

ఉద్యమానికి పేరునిచ్చినది లేవీయకాండము 25. కాని ఆ అధ్యాయంలో అప్పు కొట్టివేయాలనే ఆజ్ఞ సూటిగా ఎక్కడా లేదు. అక్కడ తిరిగి వచ్చేది భూమి, తిరిగి వెళ్లేది దాసుడు. అప్పు విడుదల ఉన్నది ద్వితీయోపదేశకాండము 15లో. అది పూర్తి రద్దా, ఆ ఏటికి వాయిదానా అనే చర్చ పండితులలో ఉంది. పైగా అదే అధ్యాయం అన్యుని యొద్ద బాకీ వసూలు చేసుకొనవచ్చునని అంటుంది. ఈ వచనాన్ని దాటవేసి ఆ ధర్మశాస్త్రాన్ని దేశాల మధ్య బాకీలకు నేరుగా అన్వయించడం నిజాయితీగల వ్యాఖ్యానం కాదు. అన్వయించవచ్చు, కాని దారి చూపించాలి.

మరొక సంగతి. ఆ ఆజ్ఞ అప్పిచ్చినవానితో మాట్లాడుతుంది. ఏడవ సంవత్సరం దగ్గరపడిందని చెయ్యి ముడుచుకొనే వాని హృదయాన్ని అది ముందే పసిగట్టింది. అలా ముడుచుకొన్నందువల్లనే తరువాతి కాలంలో హిల్లేలు ‘ప్రోజ్బుల్’ అనే ఏర్పాటు చేశాడు. బాకీలను న్యాయస్థానానికి అప్పగిస్తే ఏడవ ఏట అవి రద్దు కావు. బీదవానికి అప్పు పుట్టాలన్నదే అందులోని ఉద్దేశం. ఆజ్ఞ ప్రయోజనం కాపాడడానికి ఆజ్ఞనే పక్కన పెట్టవలసి వచ్చిందన్నమాట. మన జూబిలీ ప్రసంగాలలో ఈ ఇబ్బందికి చోటు లేదు. అప్పిచ్చినవారు ఎక్కడో వాషింగ్టన్‌లో ఉన్నారు, మనమంతా బాకీదారుల పక్షం. వినడానికి హాయిగా ఉంటుంది.

నేనూ అలాగే ప్రసంగించాను. 2000లో నెక్కొండలో లూకా 4లోని హితవత్సరము నుండి చెప్పి, ఆఫ్రికా దేశాల కోసం సంఘంలో సంతకాలు సేకరించాను. ఒక సంఘ పెద్ద మొదట సంతకం చేశాడు. వెనుక వరుసలోని ఒక కౌలు రైతు వేలిముద్ర వేశాడు. ఆ పెద్దకు ఈ రైతు నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి ఉన్నాడని నాకు తెలుసు. ఒకే కాగితం మీద ఇద్దరూ ఉన్నారు. నేను ఆ కాగితం మడిచి కవరులో పెట్టాను.

అంతకు రెండు మూడేళ్ల ముందే, 1997-98లో, ఈ వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిని రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. విత్తనం, పురుగుమందు ఉద్దెర తెచ్చిన దుకాణం బాకీ, దానిపై వడ్డీ వారి మెడకు చుట్టుకున్నాయి. బర్మింగ్‌హామ్ వార్త మనం చదివింది ఆ నెలల్లోనే. రెండింటినీ కలిపి నేను ఆలోచించలేదు.

కలపడానికి నెహెమ్యా 5 ఉంది. అక్కడి ప్రజలు రాజు పన్ను కట్టడానికి పొలాలు కుదువపెట్టి తమ సహోదరుల యొద్దనే అప్పు చేశారు. సామ్రాజ్యపు భారం ఇంటి పక్కనున్న వడ్డీగా దిగివస్తుంది. మన రాష్ట్రంలోనూ అది జరిగింది. ప్రపంచ బ్యాంకు రుణంతో ముడిపడిన విద్యుత్ సంస్కరణల వెంట 2000లో చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై కాల్పులు జరిగాయి. సంఘాలు సునాద సంవత్సరమని పాడుకొన్న ఏడే అది. నెహెమ్యా గర్వంగా పర్షియాకు విన్నపం పంపలేదు. తానూ తన బంధువులూ అప్పిచ్చినవారమేనని సభలో ఒప్పుకొని, పొలాలు, తీసుకొన్న నూరవ భాగము తిరిగి ఇప్పించాడు. ఆ నూరవ భాగాన్ని నెలసరి వడ్డీగా చదివే వ్యాఖ్యాతలున్నారు. అలా చదివితే అది మన లెక్కలో నూటికి రూపాయి. మన ఊళ్లలో రెండు, మూడు నడుస్తున్నాయి.

ప్రభుత్వ రుణమాఫీలు ఈ లోటు తీర్చలేదా అని అడగవచ్చు. 2008లో కేంద్రం, 2014 తరువాత తెలంగాణలో లక్ష వరకు, 2024లో రెండు లక్షల వరకు మాఫీలు వచ్చాయి. ఎందరికో మేలు జరిగింది. కాని అవి బ్యాంకు అప్పుకే. పట్టా లేని కౌలు రైతుకు బ్యాంకులో అప్పు పుట్టడమే కష్టం. అతని నోటు ఊరిలోనే ఉంటుంది. 2011 నాటి కౌలుదారుల చట్టం ఇచ్చిన రుణ అర్హత కార్డులు కూడా ఆ నోటును తీసివేయలేదు.

మాఫీ అయిన బాకీ మళ్లీ ఎందుకు పెరుగుతుంది? లేవీయకాండము 25కు నిజమైన చోటు ఇక్కడే. 2005లో ఊరట పొందిన జాంబియా 2020లో, అటువంటి ఊరటనే పొందిన ఘనా 2022లో మళ్లీ చెల్లింపులు నిలిపివేశాయి. కారణాలు అనేకం, కాని బాకీ తీసివేసినంత మాత్రాన జీవనాధారం తిరిగి రాదు. భూమి తిరిగి రావాలన్న ఆజ్ఞను మనం పేరు కోసం వాడుకొని, విషయాన్ని వదిలివేశాము.

రోమా సంఘం 2025ను జూబిలీగా ఆచరించి, బీద దేశాల బాకీల మాట మళ్లీ ఎత్తినప్పుడు నేను పాత ప్రసంగం తీయలేదు. నెహెమ్యా 5 చదివాను. ఆరాధన తరువాత ఒకాయన నా చెయ్యి పట్టుకొని, “అయ్యగారూ, వడ్డీ వరకైతే ఆలోచిస్త గని, అసలు సంగతి మాత్రం అడగకుండ్రి” అన్నాడు. వచ్చే ఆదివారం ఇంటికి వస్తానని చెప్పాను.