నీవే నేను: ‘త్వమేవాహం’ పుట్టుకను గూర్చి ఒక పరిశీలన

ఆధునిక తెలుగు కవిత్వములో కొరుకుడుపడనిదిగా పేరుపడిన కావ్యములలో ఆరుద్ర ‘త్వమేవాహం’ ఒకటి. 1949లో వెలువడిన ఈ కావ్యమును మన వేదాంత విద్యార్థులు రెండు పుటలు చదివి మూసివేయుట నేనెరుగుదును. మొదట నేనూ అదే చేశాను. అది ఎట్లు పుట్టినదో తెలిసిన తరువాతనే మరల తెరిచాను.

హైదరాబాదు సంస్థానములో రజాకార్ల దౌర్జన్యము సాగిన దినములవి. అక్కడ ఒక స్త్రీకి జరిగిన ఘోరమును ఆరుద్ర పత్రికలో చదివి చలించారు. 1925లో విశాఖపట్నములో పుట్టిన ఆయనకు అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. ఇక తాను పద్యములు వ్రాయకపోయినా ఫరవాలేదని ఈ కావ్యము చదివి శ్రీశ్రీ అన్నట్లు ప్రసిద్ధి.

గమనింపదగిన విషయమేమనగా, ఆయన కంటితో చూడలేదు; వార్తగా చదివారు. అందుకేనేమో కావ్యములో కథనము కంటె కాలమే ఎక్కువ. నీటి గడియారము, ఇసుక గడియారము వంటి ప్రతీకలు ముందుకు వస్తాయి. ఘోరము జరిగిన గడియలో నేనెక్కడ ఉన్నానని దూరముననున్నవాడు వేసికొనే ప్రశ్న వాటి వెనుక ఉన్నదని నా అభిప్రాయము. కావ్యము పేరునకు ‘నీవే నేను’ అని అర్థము. ఉపనిషత్తుల ధ్వని ఉన్న ఆ మాట ఇక్కడ పరబ్రహ్మమును గూర్చినది కాదు, చెరచబడిన మనిషిని గూర్చినదని నేను చదువుకొన్నాను.

తాడేపల్లిగూడెములో పాస్టర్ల సహవాసములో ఈ మాట చెప్పగా, కొల్లేటి లంక గ్రామములో సేవచేయు ఒక సహోదరుడు అడ్డుపడ్డాడు. “అయ్యగారూ, 2006లో మా చేపల చెరువుల గట్లు పేల్చినప్పుడు పత్రికలవారు వచ్చారు, మా బాధే తమ బాధ అన్నారు, వెళ్ళారు. బాధ మాకే మిగిలింది. ఈ కవిగారు మాత్రం వేరా?”

నాకు వెంటనే న్యాయాధిపతులు 19వ అధ్యాయము తోచినది. అక్కడి స్త్రీకి పేరు లేదు. ఆమెను బయటికి లాగి ఆ మూకకు అప్పగించినది ఆమె పెనిమిటియైన లేవీయుడే. 20వ అధ్యాయములో ఇశ్రాయేలీయుల యెదుట సాక్ష్యమిచ్చినప్పుడు అతడు ఆ సంగతి దాచాడు. మొదట తన ప్రాణమునకు వచ్చిన అపాయమే చెప్పుకొన్నాడు. ఆమె బాధను అతడు తన ఫిర్యాదుగా మార్చుకొన్నాడు. ఆరుద్రలో ఈ దోషము లేదు. ‘నీవు’ ముందు, ‘నేను’ తరువాత. కాని గడియారముల సందడిలో ఆమె కనుమరుగగుట నిజము. వార్త సంగతి తెలియనివాడు ఈ కావ్యములో ఆమెను వెదకి పట్టుకొనుట కష్టము. దానిని కవిత్వపు లోతు అని సమర్థించువారితో నేను ఏకీభవించను. సహోదరుని ప్రశ్నలో సగము న్యాయమున్నది.

అయితే ఆరుద్ర ఆ పత్రికను మడిచి ప్రక్కన పెట్టలేదు. ఏలూరులో ఇరువది రెండేండ్ల నా పరిచర్యలో న్యాయాధిపతులు 19ను ఒక్కసారి కూడా ప్రసంగించలేదు. అట్టి వార్త వచ్చిన ఆదివారములు లేకపోలేదు.