సమస్య ఇచ్చాక

పలువురు అడిగేవాటికి ఆశువుగా పద్యాలు చెప్పే అవధానంలో, సమస్య అంటే పృచ్ఛకుడు, అంటే అడిగేవాడు, ఇచ్చే పద్యపాదం. ఛందస్సు సరిగ్గానే ఉంటుంది, అర్థం మాత్రం అడ్డం తిరుగుతుంది. తక్కిన మూడు పాదాలూ చెప్పి ఆ అర్థాన్ని దారిలో పెట్టడమే పూరణ. “చీకటి వెలిగించె దీపశిఖలను జగతిన్” అని కందపాదం ఇచ్చారనుకుందాం.

కొత్తగా పద్యం పట్టినవారు చీకటి తరఫున వాదించబోతారు. అమావాస్య ఉండబట్టే దీపావళి వచ్చింది, కాబట్టి దీపాలు వెలిగించింది చీకటే అంటారు. అదీ పూరణే, కానీ చిక్కుముడి అలాగే ఉండిపోయింది. చేయి తిరిగిన అవధాని సమర్థన జోలికి పోకుండా, అసలు వెలిగించింది ఎవరని చూస్తాడు. మూడో పాదం “ఓర్వక” అని ముగిస్తే చాలు, చీకటి కర్త కాకుండా పోతుంది. చీకటిని ఓర్వలేక ఇల్లాలు దీపాలు వెలిగించింది. జడపదానికి ద్వితీయ బదులు ప్రథమ రావచ్చని వ్యాకరణమే ఒప్పుకుంటుంది. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరమూ మారలేదు.

ఆపైన ప్రాస. ప్రతి పాదంలోనూ మొదట గురువు, దాని వెంట కకారం రావాలి: లోకం, శోకం, ఆకలి, రాక. “రాక” తగిలిందా, మగని రాక కోసం గడపలో నిలిచిన ఇల్లాలు కళ్లముందుకు వస్తుంది. “ఆకలి” తగిలితే పద్యం వేరే ఇంటికి పోతుంది. భావం ముందు పుట్టి మాటల కోసం వెతుక్కుంటుందని చాలామంది నమ్మకం. ఇక్కడ శబ్దమే భావాన్ని లాక్కొస్తోంది. ప్రాసను సంకెల అనేవారు ఈ మేలును గమనించరు.

అవధాని ఆవృత్తికి, అంటే పృచ్ఛకులందరినీ ఒకసారి చుట్టివచ్చే వరుసకి, ఒక్క పాదమే చెబుతాడు. అంటే మొదటి పాదం నోట వచ్చేసరికే మూడో పాదం ముగింపు ఖాయమై ఉండాలి. ఆలోచన చివరినుంచి వెనక్కి నడుస్తుంది. ఈలోగా నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అడుగడుగునా అక్షరాన్ని అడ్డుకుంటాడు, ఇంకొకరు దూలపల్లి అడవిలో తొలకరిని వర్ణించమంటారు, అప్రస్తుత ప్రసంగి మాటల్లోకి లాగుతాడు. 1926లో ఆంగ్ల ఆలోచనాపరుడు గ్రాహం వాలస్ సృజనను నాలుగు దశలుగా చెబుతూ, సమస్యను పక్కన పెట్టినా లోపల పని సాగే కాలాన్ని రెండో దశ అన్నాడు. అవధానికి ఆ విరామం దొరికేది ఇతరుల ప్రశ్నల మధ్యనే.

తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950), ఈ విద్యను జంటగా సంస్థానాల్లో ప్రదర్శించారు. ఒకరి ఊహ రెండోవారికి వెంటనే అందాలంటే ఇద్దరికీ ఛందస్సు ఒకే తీరున వంటబట్టి ఉండాలి.

చివర ధారణ. చెప్పిన పద్యాలన్నీ కాగితం చూడకుండా తిరిగి అప్పగించాలి. 1996లో కాకినాడలో గరికిపాటి నరసింహారావు చేసిన మహాసహస్రావధానంలో పృచ్ఛకులే 1116 మంది. ఇంతటి ధారణలోనూ ఆసరా ప్రాసదీ, పాదం మధ్యలో మొదటి అక్షరంతో కలవాల్సిన యతిదీ: మాట జారిపోతే, అక్కడ ఏ అక్షరం ఉండాలో అవే చెబుతాయి.