కరెంటు దోటి: పెరటి చెట్లకు ఎంతవరకు పనికివస్తుంది?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో దోటిని ఎరుగనివారు ఉండరు. పొడవాటి వెదురుగడ చివర కొడవలి బిగించి, దానితో మునక్కాయలు కోస్తారు, మామిడికాయలు దించుతారు, ఎండాకాలంలో మేత దొరకనప్పుడు మేకలకు వేపమండలు విరుస్తారు. దానికి ఖర్చు లేదు, చెడిపోవటానికి అందులో పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు ఈ దోటికి పోటీగా ఒక యంత్రం బజారుకు వచ్చినది. అల్యూమినియం గొట్టం చివర చిన్న మోటారు, మోటారు ముందు జానెడు పొడవున్న ఉక్కుపట్టీ, ఆ పట్టీ అంచు చుట్టూ పళ్లున్న గొలుసు. గొట్టం అడుగున స్విచ్చి నొక్కగానే గొలుసు గిర్రున తిరిగి కొమ్మను కోస్తుంది. దుకాణాలలో దీనిని పోల్ చైన్‌సా అంటున్నారు. కరెంటు దోటి అన్నా తప్పులేదు. పదివేల రూపాయల లోపు రకాలు కూడా దొరుకుతున్నందున, పెరట్లో నాలుగు చెట్లున్న ప్రతివారికీ దీనిమీద కన్ను పడుతున్నది. ప్రకటన చూచి కొనదగిన వస్తువు కాదిది. అయితే దీని గుణదోషాలు తూచటానికి ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రం చాలావరకు సరిపోతుంది.

ముందు గొలుసు సంగతి. పళ్లున్న గొలుసుతో కోయటం కొత్త ఊహ కాదు. 18వ శతాబ్ది చివర స్కాట్లండులో జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అనే వైద్యులు ఎముకలు కోయటానికి చేతితో లాగే పళ్లగొలుసును ఉపయోగించారు. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ విద్యుత్తుతో నడిచే గొలుసురంపం తయారుచేశాడు. ఆయన పెట్రోలు రంపం ఆ తరువాత, 1929లో గాని రాలేదు. కాని గొలుసు పళ్లు త్వరగా మొద్దుబారటం చాలాకాలం తీరని చిక్కుగానే ఉండేది. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రంలో కలప పని చేసే జోసెఫ్ కాక్స్ ఒకనాడు దుంగలో కొయ్యపురుగు పిల్లను చూచాడు. దాని దవడలు నిలువుగా గీకటం లేదు; కుడికొకసారి, ఎడమకొకసారి తొలుస్తూ పోతున్నవి. ఆ పద్ధతిలో పళ్లు తీర్చిన గొలుసును ఆయన 1947లో అమ్మకానికి తెచ్చాడు. ఈనాటి గొలుసును చేతిలోకి తీసుకొని చూస్తే ఒక పన్ను కుడివైపుకు, మరొక పన్ను ఎడమవైపుకు వంగి ఉండటం విద్యార్థులే గమనించవచ్చు. కోసేటప్పుడు చెక్కు రవ్వలుగా రాలితే పన్ను పదునుగా ఉన్నట్లు, పిండిలా రాలితే మొద్దుబారినట్లు. చౌక యంత్రాన్ని గురించి వచ్చే ఫిర్యాదులలో మోటారుకు అంటగట్టే నిందలు కొన్ని నిజానికి మొద్దుబారిన పన్నువే. ఆకురాయితో నూరుకోవటం రాని ఇంట్లో ఈ యంత్రం ఎంతో కాలం నడవదు.

ఇక బరువు. పెట్టెమీద 4 కిలోలని ఉంటుంది. 4 కిలోలు బిందెడు నీళ్లలో మూడోవంతు కూడా ఉండదు గదా అనిపిస్తుంది. అసలు చిక్కు బరువు ఎంత అనేది కాదు, ఎక్కడ అనేది. ఖరీదైన కొన్ని రకాలలో మోటారు అడుగున ఉండి, గొట్టంలో పోయే ఇరుసు గొలుసును తిప్పుతుంది. చౌకరకాలలో సాధారణంగా మోటారే చివర కూర్చుంటుంది. ఉదాహరణకు చివరి భాగం 2.4 కిలోలనుకుందాం. వెనుక చేతినుండి చివరకు 2.4 మీటర్లు, రెండు చేతుల మధ్య దూరం 0.8 మీటరు అనుకుందాం. గొట్టాన్ని నేలకు సమాంతరంగా పట్టుకుంటే ముందుచేయి 7.2 కిలోల బరువెత్తవలె, వెనుకచేయి 4.8 కిలోల బలంతో కిందికి అదమవలె. గొట్టం స్వంత బరువు దీనిలో కలపనే లేదు. గడ్డపారతో బండను లేపేటప్పుడు మనిషికి ఉపకరించే సూత్రమే ఇక్కడ అతనికి ఎదురు తిరుగుతుంది. అదే గొట్టాన్ని 60 డిగ్రీల వాలుగా ఎత్తితే బలభ్రామకం సరిగా సగమవుతుంది. 60 డిగ్రీల కొసైన్ విలువ సగమే కదా. త్రికోణమితి చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకటం కష్టం. దుకాణంలో గొట్టాన్ని పూర్తిగా సాచి, స్విచ్చి వేయకుండానే ఒక నిమిషం పట్టుకొని చూడవలె. భుజం చెప్పిన మాట పెట్టెమీది అంకెలకన్న నమ్మదగినది.

ప్రకటనలలో కనిపించే ఎత్తును గురించి కూడా ఇంతే జాగ్రత్త అవసరం. 15 అడుగులు అందుతుందని రాస్తారు. 8 అడుగుల గొట్టానికి చేతులెత్తి నిలబడిన మనిషిని 7 అడుగులుగా కూడితే వచ్చిన లెక్క అది. అలా నిలబడి కోస్తే కొమ్మ నెత్తిమీదనే పడుతుంది. 60 డిగ్రీలకు మించి ఎత్తరాదని సూచన పుస్తకాలే చెప్పటం అందుకే. ఆ వాలులో 8 అడుగుల గొట్టం ఎత్తున దాదాపు 7 అడుగులే కలుపుతుంది. వెనుకచేయి నడుము దగ్గర, అంటే మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. మొత్తం పదిన్నర అడుగులు. 15కూ పదిన్నరకూ ఉన్న తేడాను పూరించటానికి నిచ్చెన ఎక్కేవారున్నారు. అది మాత్రం కూడదు. నేలమీద నిలబడి కోయగలగటమే ఈ యంత్రానికి ఉన్న మొదటి సుగుణం. చెట్టెక్కి కొమ్మ కొట్టటంలో జారిపడే ప్రమాదాన్ని ఇది తప్పిస్తుంది. నిచ్చెన ఎక్కగానే ఆ సుగుణం కాస్తా పోయినట్లే.

బ్యాటరీ రకాల విషయంలో అంకెల గారడీ మరీ ఎక్కువ. లిథియం ఘటం ఒక్కొక్కటి సగటున 3.6 వోల్టులు, నిండుగా ఛార్జి అయినప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. అయిదు ఘటాలు వరుసగా కలిపితే సగటు 18, నిండుగా 21. ఒకే బ్యాటరీని ఒకరు 18 వోల్టులనీ, ఇంకొకరు 21 వోల్టులనీ అమ్మటం అబద్ధం కాదు, లెక్కలో తేడా మాత్రమే. కాని అవే అయిదు ఘటాలమీద 48, 88 వంటి అంకెలు అచ్చువేసి అమ్మే చౌకసరకు కూడా ఉన్నది. ఆ అంకె వోల్టులు కాదు, దేనికీ కొలత కాదు. చూడవలసినది వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించగా వచ్చే సంఖ్య. 18 వోల్టులు, 2 ఆంపియర్-గంటలైతే 36 వాట్-గంటలు. కోసేటప్పుడు మోటారు 400 వాట్లు తీసుకుంటే ఇది అయిదు నిమిషాల పైచిలుకు వస్తుంది. వినటానికి తక్కువే, కాని ఒక కొమ్మకు పది సెకండ్ల చొప్పున ముప్పై కోతలు అవుతవి. ఒక పెరటికి ఒక పూట పనికి ఇది చాలును. ఈ ప్రాంతపు వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో బ్యాటరీని గోడమీద వదిలివేయటం, వేడిగా ఉండగానే ఛార్జికి పెట్టటం దాని ఆయువును తగ్గిస్తవి.

తీగతో నడిచే రకానికి ఛార్జి బెడద లేదు, ధరా తక్కువ. పొడుగు తీగ వేస్తే బలం పోతుందని ఒక అనుమానం వినవస్తుంటుంది. లెక్కవేసి చూస్తే అది అంత నిజం కాదు. 750 వాట్ల మోటారు 230 వోల్టుల దగ్గర 3.3 ఆంపియర్లు తీసుకుంటుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 30 మీటర్లకు, రానుపోను 60 మీటర్లకు, నిరోధం సుమారు 1.4 ఓములు. నష్టం నాలుగున్నర వోల్టులు, అంటే నూటికి రెండు. ఊళ్లో సరఫరాయే 180 వోల్టులకు దిగితే మాత్రం మోటారు సామర్థ్యం దాదాపు వర్గ నిష్పత్తిలో పడిపోయి, అరవై శాతం దగ్గర నిలుస్తుంది. అప్పుడు గొలుసు కొమ్మలో ఇరుక్కొని నిలిచిపోతుంది. తీగలో అసలు భయపడవలసినది వోల్టేజి నష్టాన్ని కాదు. తెగిన కొమ్మ తీగమీద పడటం, తడినేలమీద అతుకు తీగ లాగటం, వీటివల్లనే ప్రమాదం. 30 మిల్లీఆంపియర్ల కరెంటు కారగానే సరఫరాను ఆపే రక్షకసాధనం లేని ఇంట్లో ఈ రకం వాడరాదు.

కోయవలసిన చెట్లేమిటి? మునగకు ఈ యంత్రం దండుగ. దాని కొమ్మ చేతితో విరిచినా విరుగుతుంది. జామకు, నిమ్మకు చిన్న చేతికత్తెర చాలు. మిగిలినవి మామిడి, చింత, ముఖ్యంగా వేప. 2021, 2022 సంవత్సరాలలో తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లో పలుచోట్లను వేపచెట్ల కొమ్మలు చివరలనుండి ఎండి, చెట్లు చెట్లే మాడినట్లు కనిపించినవి. దానికి ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు కారణాలని శాస్త్రజ్ఞులు చెప్పారు. చెట్టు చచ్చినదని మొదలంటా నరికినవారు తొందరపడ్డారు. చాలా చెట్లు తిరిగి చిగిర్చినవి. ఈ తెగులులో కత్తిరించవలసినది వేలి మందపు రెమ్మలను. అటువంటి సన్నరెమ్మ గొలుసురంపానికి లొంగదు; అటూ ఇటూ కొట్టుకొని గొలుసులో చిక్కుతుంది. పాత దోటి, లేదా కర్రకు బిగించిన వంపురంపం ఆ పనిని ఇంతకన్న శుభ్రంగా చేస్తుంది. చేతిలో యంత్రం ఉన్నది కదా అని, రెమ్మ తీయవలసినచోట కొమ్మ, కొమ్మ తీయవలసినచోట చెట్టు తీసివేయాలనిపించటం సహజం. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన పశ్చిమ ప్రకాశంలో ఒక వేప నీడ విలువ ఎంతో వేసవిలో ఆ ఇంటివారికే తెలుస్తుంది. పైగా 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు నరకటానికి అనుమతి కావలె.

రెండు అంగుళాలనుండి నాలుగు అంగుళాల మందమున్న కొమ్మ దగ్గర యంత్రం తన గొప్ప చూపిస్తుంది. చేతిరంపంతో భుజాలు పడిపోయే పని క్షణాలలో ముగుస్తుంది. అయితే ఆ కొమ్మ బరువు తెలిసి ఉండవలె. నాలుగు అంగుళాల మందం, ఆరున్నర అడుగుల పొడవు ఉన్న పచ్చికొమ్మ ఆకులు, రెమ్మలు కాక 15 కిలోల వరకు తూగుతుంది. మొదట అడుగునుండి కొద్దిగా గాటు పెట్టి, తరువాత కొంచెం బయటగా పైనుండి కోసి, చివర మిగిలిన మొండెమును కాండం దగ్గర తీసివేస్తే బెరడు చీలదు. అడుగు గాటు పెట్టేటప్పుడు గొలుసు పనిముట్టును మనిషివైపు నెడుతుంది. పైకోతలో ముందుకు లాగుతుంది. పట్టీ కొస పైభాగం కొమ్మకు తగిలితే ఒక్కసారిగా వెనుకకు ఎగురుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. పలకలకు పేరుబడిన మార్కాపురంలో దుమ్ము ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

గొలుసుకు నూనె కావలె. చౌకరకాలు కొన్నింటిలో అది తనంతట పడదు. నిమిషానికొకసారి పోయవలసి ఉంటుంది. వాడి పారబోసిన ఇంజను ఆయిలు పోస్తే అది కొమ్మలకూ, పెరటి మట్టికీ అంటుతుంది. ఆముదం వంటి చిక్కని నూనె పనిచేస్తుంది గాని, పని కాగానే గొలుసు తుడవకపోతే జిగురు కట్టి బిగుసుకుంటుంది.

ఇన్ని చెప్పినా ఒక ప్రమాదం ముందు మిగిలినవన్నీ చిన్నవే. ఊళ్లో జనం ఏ కొమ్మను కోయాలని ఎక్కువగా ఆత్రపడతారు? వీధి గోడపక్కన పెరిగి కరెంటు తీగలను తాకుతున్న కొమ్మను. యంత్రంమీద చదరంలో చదరం గుర్తు చూచి షాకు కొట్టదని ధైర్యపడేవారున్నారు. ఆ గుర్తుకు అర్థం యంత్రం లోపలి విద్యుత్తు బయటకు రాకుండా రెండు పొరల రక్షణ ఉన్నదని మాత్రమే. బయటి తీగలోని విద్యుత్తు అల్యూమినియం గొట్టంమీదుగా మనిషిలోకి రాకుండా అది అడ్డుకోదు. వీధిలో పోయేది 11,000 వోల్టుల తీగ కావచ్చు. బ్యాటరీ రకమైనా తేడా లేదు. పచ్చి వెదురు దోటి అయినా అంతే. తీగలకు 15 మీటర్ల దూరంలో ఉండవలెనని కొన్ని సూచన పుస్తకాలు చెబుతవి. అంటే వీధి అంచు చెట్లకు ఈ పనిముట్టు పనికిరాదన్నమాటే. ఆ కొమ్మ విద్యుత్ శాఖవారు సరఫరా ఆపి తీయవలసినది.

కనుక పెరట్లో రెండు మునగలు, ఒక జామ ఉన్న ఇంటికి ఈ యంత్రం అక్కరలేదు. మూడు నాలుగు ముదురు మామిళ్లు, వేపలు, తీగలకు దూరంగా తగినంత ఖాళీ ఉన్న తోటకు బ్యాటరీ రకం పనికివస్తుంది. ఏడాదికి రెండు మూడు పూటల పని కనుక నాలుగైదు ఇళ్లవారు కలిసి కొనుక్కొంటే ధర కూడా గిట్టుతుంది. అప్పుడు గొలుసు ఎవరు నూరాలి, నూనె ఎవరు తుడవాలి అనేది మాత్రం కొనకముందే తేల్చుకోవలె. వేపమండలకు, మునక్కాయలకు గోడకు ఆనించిన దోటి ఉండనే ఉన్నది.