కమాను కట్టలోని ఒరిపిడి

కొత్తవలస–కిరండూల్ (కేకే) లైను మీద ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగను ఖాళీగా సుమారు 22.5 టన్నులు తూగుతుంది. బైలడిలా ఇనప రాయి నింపుకుని ఘాట్ దిగి విశాఖ పోర్టుకి వచ్చేటప్పుడు అదే వ్యాగను 81 టన్నులు దాటుతుంది. వెళ్లేటప్పటి బరువుకి వచ్చేటప్పటి బరువు మూడున్నర రెట్ల పైమాటే. రెండింటినీ మోసేవి మాత్రం అవే స్ప్రింగులు. విశాఖలోని కంచరపాలెంలో రైలు చప్పుడు వినపడని ఇల్లు ఉండదు. ఒక వైపు మర్రిపాలెం లోకో షెడ్డు, మరో వైపు విశాఖ యార్డు, నడుమ పాలిటెక్నిక్, ఐటీఐ, ఇండస్ట్రియల్ ఎస్టేటు. ఇంజన్ల గురించి ఇక్కడ పిల్లలు కూడా గడగడా చెబుతారు. ఆ బరువంతా కూర్చునే స్ప్రింగుల ఊసు ఎవరూ ఎత్తరు. ఆ లోటు నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే బండి కట్టే విద్యలో అన్నిటికన్నా సున్నితమైన పని అక్కడే ఉంది.

ఎడ్లబండికి స్ప్రింగు అక్కర్లేదు. ఎద్దు నడుస్తుంది, బండి కూడా నడుస్తుంది. ఇరుసు మీద పడ్డ దెబ్బ కర్రలోనే అణిగిపోతుంది. గుర్రం అలా కాదు, పరుగు తీస్తుంది. పరుగు మొదలైతే గుంతలో పడ్డ చక్రం విసురు నేరుగా మనిషి నడుముకి తగులుతుంది. అందుకే జట్కాకి కమానులు, అంటే వంపు పట్టీల స్ప్రింగులు, వచ్చాయి. ఐరోపాలో ఒకప్పుడు కోచ్ బండి పెట్టెను తోలు పట్టీలతో వేలాడదీసేవాళ్లు. ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ కలుపుతూ కింద ఒక బరువైన దూలం ఉండేది. 1804లో లండన్ బండ్ల తయారీదారు ఒబాడియా ఇలియట్ రెండు వంపు కట్టలను ఎదురెదురుగా, కోడిగుడ్డు ఆకారంలో బిగించి, వాటిని ఇరుసుకీ పెట్టెకీ మధ్య పెట్టాడు. ఇక ఆ దూలంతో పని లేకుండా పోయింది. బండి తేలికైంది, ఎత్తు తగ్గింది, గుర్రానికి ఊపిరాడింది. మన ఊళ్ల జట్కాల కిందా, ఆ తర్వాత సైకిల్ రిక్షాల కిందా మనం చూసిన కమానులు ఆ కుటుంబంలోవే.

కమానుని ఒకే మందపాటి పట్టీతో ఎందుకు చేయరు? ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. పట్టీ బిగువు దాని మందం మీద ఘనం చొప్పున పెరుగుతుంది. మందం రెండింతలైతే బిగువు ఎనిమిదింతలు. ఒక మందపాటి పట్టీని అదే పొడవు, అదే వెడల్పు ఉన్న 10 పలుచని పట్టీలుగా చేసి ఒకదాని మీద ఒకటి పేర్చండి. తాటాకుల పుస్తకాన్ని వంచినప్పుడు ఆకులు ఒకదాని మీద ఒకటి జరిగినట్టు ఆ పట్టీలు కూడా జరుగుతాయి. అప్పుడు కట్ట బిగువు నూరో వంతుకి పడిపోతుంది. మోయగల బరువు మాత్రం పదో వంతుకే తగ్గుతుంది. అంటే బలంలో కొంత వదులుకుంటే వంగే గుణం అంతకు పదింతలు చేతికొస్తుంది. తగ్గిన బలాన్ని పట్టీల సంఖ్యతో, వెడల్పుతో పూడ్చుకుంటారు. పట్టీలన్నీ ఒకే పొడవు ఉండవు. నడుమ బరువెక్కువ కాబట్టి అక్కడ మందం, చివరలకు పోయేకొద్దీ పలుచన. పై పట్టీ చివర్లే చుట్టుకుని చెవులవుతాయి.

మరో మెళకువ చూడండి. కట్ట విప్పి పట్టీలను పక్కపక్కన పెడితే పొట్టి పట్టీకి పొడుగు పట్టీ కన్నా వంపు కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. కావాలనే అలా చేస్తారు. బిగించగానే అన్నీ ఒకదాన్నొకటి అదుముకుని, బరువు పడకముందే పై పట్టీకి ఎదురు బిగువు ఇస్తాయి. అసలు దెబ్బ తగిలేది పై పట్టీకే కనుక దానికి ఆ సాయం కావాలి.

ఇనుము ఎంపికా, పదునూ కొలిమి పని. కమాను ఉక్కులో కర్బనం మధ్యస్థంగా, సిలికాన్, మాంగనీస్ కాస్త ఎక్కువగా ఉంటాయి. ఎర్రగా కాల్చి, వంపు తిప్పి, నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ సుమారు 450 డిగ్రీల దాకా కాచి చల్లారిస్తేనే వంగి తిరిగి లేచే గుణం వస్తుంది. ఉష్ణమాపకాలు లేని రోజుల్లో స్ప్రింగు పనివాళ్లు ఎండు పుల్లని వేడి పట్టీకి రాసి, అది రవ్వలు చిమ్మే తీరు చూసి కాక తెలుసుకునేవాళ్లు. లారీ కమాను పట్టీతో చేసిన కత్తికి మన పల్లెల్లో ఇప్పటికీ గిరాకీ ఉంది. ఆ ఉక్కు పదును నిలుపుకుంటుందని కమ్మరికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు.

రైలు తొలినాళ్లలో ఈ పట్టీలకి ఇంజను బరువు మోసే సత్తా లేదు. పోత ఇనప పట్టాలు విరుగుతుంటే, 1816లో జార్జ్ స్టీఫెన్‌సన్, విలియం లాష్ బాయిలరు ఆవిరినే స్ప్రింగులా వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. మంచి ఉక్కు వచ్చాక ఆవిరి అవసరం తీరిపోయింది. కమాను కట్ట ఇరుసు పెట్టె మీద కూర్చుంది. లారీ కట్టని యు బోల్టులు పట్టుకుంటే, రైలు కట్ట నడుముకి కాల్చిన ఇనప బకిల్ తొడిగి ఒత్తేస్తారు. మన నాలుగు చక్రాల పాత గూడ్సు పెట్టెలు దశాబ్దాల పాటు ఆ కట్టల మీదే తిరిగాయి.

ఇంతకాలం కమాను చేసిన మేలు రెండు రకాలు. వంగడం ఒకటి. ఊపుని ఆపడం రెండోది. పట్టీలు జరిగేటప్పుడు పుట్టే ఒరిపిడి ఊపుని మింగేస్తుంది. నా దృష్టిలో రెండోదే గొప్పది. పాత 13 మీటర్ల పట్టాల మీద గంటకి 75 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకి సుమారు 1.6 అతుకులు తగులుతాయి. బండి తనంతట తాను ఊగే లయకి ఆ దెబ్బల లయ దగ్గరపడిందా, ఊపు మీద ఊపు చేరి బండి ఎగరడం మొదలెడుతుంది. దాన్ని ఆపేది ఒరిపిడే. చిక్కేమిటంటే ఈ ఒరిపిడి ఎవరి మాటా వినదు. తుప్పు పడితే కట్ట బిగుసుకుపోయి కదలదు, గ్రీజు ఎక్కువైతే పట్టు వదిలేస్తుంది.

చుట్ట స్ప్రింగు, అంటే కాయిల్, ఈ చిక్కుని తప్పించింది. బరువు ఎంత పెరిగితే అంత చొప్పున అణగడం దాని గుణం. 1678లో రాబర్ట్ హుక్ అచ్చువేసిన సూత్రం అదే. తుప్పుకి బిగుసుకోదు. కానీ దానిలో ఒరిపిడి లేదు కనుక ఆ పని ఇంకొకరు చేయాలి. పెరంబూరు ఐసీఎఫ్ ఫ్యాక్టరీ ప్రయాణికుల పెట్టెల్లో నూనె నింపిన డాష్‌పాట్లు, షాక్ అబ్జార్బర్లు ఆ పని చేస్తాయి. బాక్స్‌ఎన్ కింది క్యాస్‌నబ్ బోగీలో దాన్ని చీలలాంటి ఇనప వెడ్జిలు చేస్తాయి. పెట్టె బరువు మోసే అడ్డ దూలం, అంటే బోల్స్టరు, కిందికి దిగే కొద్దీ వెడ్జి కింది చిన్న స్ప్రింగు మరింత అణిగి, వెడ్జిని పక్క ఫ్రేముకి మరింత గట్టిగా ఒత్తుతుంది. బరువు పెరిగితే ఒరిపిడి పెరుగుతుంది, ఖాళీ అయితే తగ్గుతుంది. కమాను కట్ట యాదృచ్ఛికంగా ఇచ్చినదాన్ని ఇది లెక్క ప్రకారం ఇస్తుంది. ఇంత సాదా భాగంలో ఇంత తెలివి ఇమడ్చడం నాకెప్పుడూ అబ్బురమే.

అలాగని స్ప్రింగుని ఇష్టమొచ్చినంత మెత్తగా చేయడానికి వీల్లేదు. ఖాళీ వ్యాగను కప్లర్ పట్టా మీద నుంచి 1105 మిల్లీమీటర్లు మించకూడదు, నిండు వ్యాగనుకి 1030 తగ్గకూడదు. నడుమ ఉన్న 75 మిల్లీమీటర్లలోనే దాదాపు 59 టన్నుల సరుకు కుంగుదలా, చక్రాల అరుగుదలా ఇమడాలి. అందుకే వ్యాగను స్ప్రింగు బిరుసుగా ఉండక తప్పదు. ఆ బిరుసుతనం వల్ల ఖాళీ పెట్టె కింద స్ప్రింగు కాస్తే అణిగి ఉంటుంది. వంపులో ఒక మూల పట్టా కొంచెం దిగితే అక్కడి చక్రం మీద బరువు చప్పున తగ్గిపోతుంది, అంచు పట్టా ఎక్కే ముప్పు పెరుగుతుంది. నిండు బండే ప్రమాదకరమనుకునేవాళ్లకి ఇది వింతగా తోచవచ్చు, కానీ ఘాట్ వంపుల్లో ఖాళీ బండి మీద కూడా అంతే కన్నేసి ఉంచాలి.

కాబట్టి మరమ్మతు షెడ్డులో పని అంటే విరిగిన చుట్ట మార్చడమొక్కటే కాదు. ప్రతి స్ప్రింగు ఎత్తూ కొలిచి, ఒకే తీరువి ఒక బోగీలో పడేలా జతపరుస్తారు. ఐసీఎఫ్ పెట్టెల స్ప్రింగులనైతే బరువు కింద అణిగే ఎత్తుని బట్టి మూడు తరగతులు చేసి పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు వేస్తారు. ఒక మూల ఎత్తు, ఒక మూల పొట్టి పడితే బండి నిలబడినప్పుడే వాలుతుంది. వెడ్జి అరిగితే అది పైకి జరిగి, కింది స్ప్రింగు సడలి, ఒత్తుడు తగ్గుతుంది. బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అది గేజి పెట్టిన చేతికే తెలుస్తుంది. వడ్లపూడి వ్యాగన్ వర్క్‌షాపులోనో, విజయవాడ దగ్గరి రాయనపాడులోనో ఆ గేజి పట్టుకునే ఫిట్టరు రైల్లో ఎవరికీ కనిపించడు.

2023 జనవరిలో సికింద్రాబాద్–విశాఖ మధ్య మొదలైన వందేభారత్ కింద రెండో అంచెలో, అంటే బోగీకీ పెట్టెకీ మధ్య, గాలి స్ప్రింగులున్నాయి. జనం పెరిగితే లెవెలింగ్ వాల్వు ఇంకొంచెం గాలి పంపుతుంది, దిగితే వదిలేస్తుంది. పెట్టె ఎత్తు మారదు, ఊగే లయ కూడా పెద్దగా మారదు. ఖాళీకీ నిండుకీ మధ్య ఉన్న పాత తగువు అక్కడ దాదాపు తీరిపోయింది. నిజానికి ఆ సుఖం ఎక్కువ అవసరమైంది మూడున్నర రెట్ల తేడా మోసే ఖనిజం వ్యాగనుకి. కానీ పైనుంచి రాళ్లు కుమ్మరించే చోట, ఎర్ర దుమ్ములో, దేశంలో ఏ యార్డుకైనా వెళ్లి ఎవరి చేతిలోనైనా మరమ్మతు కావలసిన బండికి రబ్బరు తిత్తీ, సన్నని వాల్వూ నిలవవు. ఆ పని ఇప్పటికీ చుట్ట స్ప్రింగుదీ, ఇనప వెడ్జిదే.