రైడర్స్ ఆఫ్ డెస్టినీ: నీటికథలో దాటవేసిన ప్రశ్న

1933లో మోనోగ్రామ్ సంస్థ విడుదల చేసిన ‘రైడర్స్ ఆఫ్ డెస్టినీ’ సుమారు 53 నిమిషాల నిడివిగల చవక వెస్టర్న్ చిత్రం. రచన, దర్శకత్వం రాబర్ట్ బ్రాడ్‌బరీవి. భారీ వ్యయంతో తీసిన ‘ది బిగ్ ట్రెయిల్’ (1930) విఫలమయ్యాక, ‘స్టేజ్‌కోచ్’ (1939) వచ్చేదాకా జాన్ వేన్ నటజీవితం ఎక్కువగా ఇటువంటి చిన్న చిత్రాలతోనే గడిచింది.

ఇందులో ఆయన పాటలు పాడే వీరుడు శాండీ సాండర్స్. గొంతు మాత్రం వేరొకరిది. నేపథ్యగానానికి అలవాటుపడిన తెలుగు ప్రేక్షకుడికి అరువు గొంతు అభ్యంతరం కాదు. బాలసుబ్రహ్మణ్యం నటుణ్ణిబట్టి తన గొంతు తీరు మార్చుకునేవారు. అటువంటి శ్రద్ధ ఇక్కడ లేదు. ద్వంద్వయుద్ధానికి నడుస్తూ శాండీ పాడే బెదిరింపు పాట, మాటకూ పాటకూ పొంతన కుదరక నవ్వు తెప్పిస్తుంది.

అయితే అసలు లోపం కథలో ఉంది. కిన్‌కెయిడ్ అనే ఆసామి లోయలోని నీటిని గుప్పిట పెట్టుకొని, రైతులను అధిక ధరల ఒప్పందాలకు ఒత్తిడి చేస్తాడు. వాషింగ్టన్ నుంచి రహస్యంగా వచ్చిన శాండీ అతణ్ణి మభ్యపెట్టి ఒక బావిని పేల్పిస్తాడు. భూగర్భజలం ఉబికి ఏరై పారుతుంది, సమస్య తీరిపోతుంది.

ఈ డైనమైట్‌కు కాలిఫోర్నియాలోనే చరిత్ర ఉంది. ఓవెన్స్ లోయలో భూములనూ నీటిహక్కులనూ కొనుగోలు చేసిన లాస్ ఏంజెలెస్ నగరం, 1913లో పూర్తయిన కాలువ ద్వారా ఆ నీటిని తరలించుకుపోయింది. కడుపుమండిన లోయవాసులు 1924లోనూ, 1927లోనూ ఆ కాలువను పేల్చారు. నీరు తిరిగిరాలేదు. అక్కడ ప్రతిపక్షం ఒక దుర్మార్గుడు కాదు. చట్టబద్ధమైన పత్రాలు చేతబట్టిన ఒక మహానగరం.

ఆరేళ్ళ తర్వాత వచ్చిన ఈ చిత్రం, పేలుడును ఉంచుకొని, నగరం స్థానంలో ఒక విలన్‌ను నిలిపింది. కేంద్రప్రభుత్వ ప్రతినిధిని రక్షకుణ్ణి చేసింది. ఆర్థికమాంద్యపు రోజుల్లో ఆ ఊరట ప్రేక్షకులకు అవసరమై ఉండవచ్చు. కానీ కొత్త ఏటిలో ఎగువ రైతు వాటా ఎంత, దిగువ రైతు వాటా ఎంత అన్న ప్రశ్న ఎవరూ అడగరు. పాత్రల చేత ఆ ఒక్క మాట పలికించడానికి అదనపు ఖర్చేమీ అయ్యేది కాదు. కాబట్టి ఈ లోపాన్ని బడ్జెట్ ఖాతాలో వేయలేము. 1973 నాటి బచావత్ ట్రైబ్యునల్ నివేదిక తర్వాత కూడా కృష్ణాజలాల తగవు తెగకపోవడం చూసిన మనకు, చిత్రం ముగిసినచోటే అసలు కథ మొదలవుతుందని తోస్తుంది.