సిరొంచ సీమలో చేపలవేట, చేపల పెంపకం

వార్ధా, వైన్‌గంగా నదుల కలయికతో పుట్టే ప్రాణహిత, మహారాష్ట్ర తెలంగాణల నడుమ సరిహద్దుగా దక్షిణానికి పారి, సిరొంచ చెంతనే కాళేశ్వరం వద్ద గోదావరిలో కలుస్తుంది; ఇంకొంత దిగువన సోమ్‌నూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. 1982లో చంద్రపూర్ నుంచి విడివడిన గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న ఈ తాలూకాలో తెలుగు, మరాఠీ, మాడియా గోండి భాషలు కలిసి వినిపిస్తాయి. ఈ సరిహద్దు పొడవునా బెస్తలు, ధీవరులు నీటినే నమ్ముకొని బతుకుతుండగా, గోండులు సేద్యంతోనూ అడవి సేకరణతోనూ పాటు చేపలు పడతారు.

ఈ వృత్తికి ఆధారం ఋతుజ్ఞానం. బొచ్చె, రోహు, మోసు వంటి పెద్ద చేపలు నిలవ నీటిలో పెరుగుతాయే గాని గుడ్లు పెట్టవు. తొలకరి వరద రాగానే ఎదురెక్కి, నీరు పొర్లిన పల్లపు నేలల్లో గుడ్లు వదులుతాయి. వేసవిలో నది ఇసుక మేటల మధ్య పాయలుగా చీలినప్పుడు లోతైన మడుగుల్లో తలదాచుకొనేవి ఈ తల్లి చేపలే కనుక, మడుగును ఊడ్చి పట్టినవారు రాబోయే వానకాలపు సంతతిని కూడా పట్టుకుపోయినట్టే.

సాధనాలు సాదావైనా వాటిలో ఆలోచన ఉంది. విసురు వలను మడతలుగా భుజాన వేసుకొని ఒక్క ఊపున విసిరితే గుండ్రంగా విచ్చుకొని నీటిపై పడుతుంది. అంచునున్న గుళ్ళ బరువుకు నేలను తాకి, తాడు లాగుతున్నకొద్దీ ఆ గుళ్ళు దగ్గరకు చేరి, చేపలు వల ముడుతల్లో చిక్కుకుంటాయి. ఊత అనేది అడుగు లేని వెదురు బుట్ట. మోకాలిలోతు నీటిలో చేప కదలిన చోట దానిని బోర్లించి, పైనున్న రంధ్రంలోంచి చెయ్యి దూర్చి కొర్రమీనును తడిమి పట్టుకుంటారు. మావు అనే వెదురు బోను మూతిలో పుల్లలు లోపలికి వాలి ఉండడం వల్ల దూరిన చేప తిరిగి రాలేదు, అయితే పుల్లల సందులు వెడల్పుగా ఉంటే పిల్ల చేపలు జారిపోతాయి. దోమతెరలాంటి సన్నకన్ను వలకు ఈ విచక్షణ లేదు. చౌకగా దొరుకుతుందన్న మాట నిజమే అయినా, వేటగాడికి అంతకంటె ఖరీదైన సాధనం మరొకటి ఉండదు.

చెరువుల్లో పెంపకం వేరే విద్య. గడ్చిరోలి, చంద్రపూర్, భండారా, గోందియా జిల్లాల్లో మాల్‌గుజారీ, అంటే భూస్వాములే శిస్తు వసూలు చేసిన కాలపు చెరువులు నేటికీ ఉన్నాయి. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో పీయూష గ్రంథి రసంతో చేపలచేత గుడ్లు పెట్టించే పద్ధతిని సాధించిన తరువాత, నదిలో విత్తనం ఏరుకోవలసిన అగత్యం తగ్గింది. మిశ్రమ పెంపకంలో పైనీటిలో మేసే బొచ్చె, నడిమి నీటిలో మేసే రోహు, అడుగున మేసే మోసు ఒకే చెరువును పంచుకుంటాయి. చేపపిల్లలను వదిలే ముందు వాటిని తినే చేపలను తొలగించడానికి ఇప్ప చెక్క, అంటే ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన పిండి, మీటరు లోతు నీటికి హెక్టారుకు సుమారు 2,500 కిలోలు చల్లుతారు. అందులోని సాపోనిన్ చేపల ఎర్ర రక్తకణాలను చిదిపివేస్తుంది, రెండు మూడు వారాల్లో విషం విరిగాక అదే చెక్క ఎరువవుతుంది. ఇప్పచెట్టు విరివిగా ఉన్న ఈ సీమకు ఇది అందుబాటులోని ఉపాయమే.

అయినా ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. ఇప్ప చెక్క వేటాడే చేపలతోపాటు పరకలను, ఇతర చిన్నచేపలను కూడా చంపుతుంది. బొచ్చె సంతకు పోతుంది, చిన్నచేప ఇంటి కూరలోకి వస్తుంది. తలతో, ముల్లుతో సహా తినే అటువంటి చేపల నుంచే పేదింటి పిల్లలకు సున్నం, ఇనుము అందుతాయి. బంగ్లాదేశ్‌లో విటమిన్ ఎ దండిగా ఉన్న మోలా అనే చిన్నచేపను పెద్ద చేపలతో కలిపి పెంచవచ్చని పరిశోధకులు నిరూపించారు. ఆ కృషికి ముఖ్యురాలైన శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. సిరొంచ వంటి చోట విషం చల్లడానికి బదులు వేలెడంత ఎదిగిన చేపపిల్లలను వదలడమే మేలు. అంతటి పిల్లలు వేటచేపల నోటికి సులభంగా చిక్కవు, పరకలూ మిగులుతాయి.

నది విషయం ఇంత తేలిక కాదు. సిరొంచ చెంత గోదావరిపై 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీకి 85 గేట్లున్నాయి. ఏ బ్యారేజీలోనైనా గేట్లు మూసినప్పుడు చేపలు ఎదురెక్కే దారి మూసుకుపోతుంది, ఆ దారిని ఊరివాళ్ళు తెరవలేరు. ఊరి చెరువు సంగతి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం చేపలను, ఇతర జలోత్పత్తులను సామూహిక హక్కుల్లో చేర్చి, నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2009లో ఇదే జిల్లాలోని మెండా-లేఖా గ్రామం ఆ చట్టం కింద సామూహిక హక్కు పత్రం పొందింది. ఆ హక్కు ఉన్న ఊరు వల కన్ను ఎంత ఉండాలో, వానకాలంలో ఏ వారాలు వేట ఆపాలో తన తీర్మానంలోనే రాసుకోవచ్చు.