ప్రశ్న అడగడమూ ఒక విద్యే

శాసనసభ జరిగే రోజుల్లో పత్రికలకెక్కేవి సభ్యుల కేకలు, పోడియం ముందు నిరసనలు, మార్షల్స్ రాక. కాని న్యాయం, శాంతిభద్రతల విషయంలో ప్రభుత్వం ఏం చేసిందో, ఏం చేయలేదో రాతపూర్వకంగా ఒప్పుకొనేది మాత్రం ప్రశ్నోత్తరాల సమయం కోసం అచ్చు వేసి పంచే పల్చని కాగితాల మీద. ఆ కాగితం మీద ప్రశ్న అ, ఆ, ఇ, ఈ అనే భాగాలుగా ఉంటుంది. ఫలానా విషయం నిజమేనా అని మొదటి భాగం అడుగుతుంది. నిజమైతే వివరాలేమిటి, తీసుకున్న చర్యలేమిటి అని తక్కినవి అడుగుతాయి. మొదటి భాగానికి ‘కాదండి’ అని జవాబు వచ్చిందంటే మిగతా భాగాలన్నింటికీ కలిపి ‘ప్రశ్న ఉత్పన్నం కాదండి’ అన్న ఒక్క పంక్తితో మంత్రి పని ముగుస్తుంది. అందుకే అనుభవమున్న సభ్యులు మొదటి భాగాన్ని ఆరోపణగా రాయరు, కాదనడానికి వీల్లేని అంకెను కోరుతూ రాస్తారు. ‘ఠాణాల్లో సిబ్బంది కొరత ఉన్నమాట నిజమేనా’ అని అడగడానికీ, ‘మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఠాణాల వారీగా’ అని అడగడానికీ ఉన్న తేడా ఇదే.

ప్రశ్నల్లో రకాలున్నాయి. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అప్పటికప్పుడు అడిగే అనుబంధ ప్రశ్నలకూ చెప్పాలి. నక్షత్ర గుర్తు లేనిదానికి రాతలో జవాబు వస్తుంది, సభలో చర్చ ఉండదు. లోక్‌సభలో రోజుకు మొదటి రకం 20, రెండో రకం 230 జాబితాకెక్కుతాయి. పేరు మోగేది మొదటి రకంతోనే అయినా, న్యాయపాలన గురించి నిలకడైన సమాచారం ఎక్కువగా వచ్చేది రెండో రకంతో. ఎందుకంటే జిల్లాల వారీ, సంవత్సరాల వారీ పట్టికలను నోటితో చదవడం కుదరదు, కాగితం మీద పెట్టక తప్పదు. గొంతు పెంచిన సభ్యుడికి టీవీలో ఒక నిమిషం దొరుకుతుంది. పట్టిక తెప్పించిన సభ్యుడికి ఆ సాయంత్రం ఏమీ దొరకదు గాని, ఆ పట్టిక పదేళ్ల తర్వాత కూడా సాక్ష్యంగా నిలుస్తుంది. లోక్‌సభ నియమాల ప్రకారం ప్రశ్న 150 మాటలు దాటకూడదు, అందులో వాదన, వ్యంగ్యం, నిందారోపణ ఉండకూడదు, అభిప్రాయం అడగకూడదు. చూడడానికి ఇవి సభ్యుడి నోటికి కట్టిన కళ్లేలుగా కనిపిస్తాయి గాని, కోపాన్ని సమాచారంగా మార్చుకొమ్మని నేర్పే నియమాలు కూడా ఇవే.

ఈ హక్కు సులభంగా రాలేదు. 1892 నాటి భారత మండలుల చట్టం తొలిసారి సభ్యులకు ప్రశ్న అడిగే వీలు కల్పించగా, 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా మొదటి ప్రశ్న అడిగారు. అధికారులు పర్యటనకు వచ్చినప్పుడు వారి శిబిరాలకు సరుకులు సమకూర్చలేక ఊళ్లలో దుకాణదారులు పడే బాధ ఆ ప్రశ్నకు విషయం. అనుబంధ ప్రశ్న అడిగే హక్కు 1909లో అసలు ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రమే దక్కింది, 1919 సంస్కరణల తర్వాత గాని అందరికీ రాలేదు. భింగా రాజా చెప్పిన బాధనే తెలంగాణ పల్లెలు వెట్టిచాకిరీ పేరుతో మరింత కర్కశంగా అనుభవిస్తున్నా, నిజాం రాజ్యంలో దాని గురించి అడగడానికి ప్రజలు ఎన్నుకున్న సభ అంటూ ఒకటి లేదు. అడగవలసిన మాటలు కరపత్రాలుగా, తీర్మానాలుగా బయటికి వచ్చాయి. ఆంధ్ర జనసంఘం వెట్టి మీద పుస్తకాలు అచ్చు వేసి పంచింది, 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం నేటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలోనే జరిగింది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలని శాసించిన ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తరువు ఆనాటి శాంతిభద్రతల విధానం. ప్రశ్నించడమే శాంతికి భంగమని ఆ పాలన భావించింది.

నేటి సంగారెడ్డి జిల్లాలోనే మండల కేంద్రమైన కల్హేర్ ఉన్న నారాయణఖేడ్ ప్రాంతం అప్పట్లో బీదర్ జిల్లాలో భాగం. 1952 ఎన్నికలతో హైదరాబాద్ రాష్ట్రానికి శాసనసభ వచ్చింది. 1956 నవంబర్ 1న ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్ సభ పరిధిలోకి, 2014 జూన్ 2న తెలంగాణ సభ పరిధిలోకి వచ్చింది. 2016 అక్టోబర్ 11న కొత్తగా ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలోకి మారింది. ఒక్క తరం మనుషులే మూడు శాసనసభలను చూసిన ఈ ఊరి నుంచి ఇవాళ ప్రశ్న పైకి వెళ్లడానికి రెండు దారులున్నాయి: హైదరాబాద్‌కు నారాయణఖేడ్ ఎమ్మెల్యే, ఢిల్లీకి జహీరాబాద్ ఎంపీ. ఏ ప్రశ్న ఏ దారిన వెళ్లాలో తెలియకపోవడం వల్లనే చాలా ప్రశ్నలు దారిలోనే ఆగిపోతాయి.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు అధికారాలను మూడు జాబితాలుగా పంచింది. పోలీసు, శాంతిభద్రతలు, జైళ్లు రాష్ట్ర జాబితాలోవి. శిక్షాస్మృతి, నేర విచారణ పద్ధతి ఉమ్మడి జాబితాలోవి, అంటే పార్లమెంటు, రాష్ట్ర శాసనసభ రెండూ చట్టం చేయవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత పార్లమెంటు చేసినవి. న్యాయపాలన మొదట రాష్ట్రానిదే గాని 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు మారింది. దీనికి తోడు కింది కోర్టుల మీద నియంత్రణ 235వ అధికరణం ప్రకారం హైకోర్టుది, న్యాయమూర్తుల విధి నిర్వహణ గురించి సభలో చర్చించరాదని 211వ అధికరణం చెబుతుంది, విచారణలో ఉన్న కేసు ఊసెత్తరాదని సభా సంప్రదాయం అడ్డుపడుతుంది. కల్తీ కల్లు తాగి మనుషులు ఆస్పత్రి పాలయ్యారనుకుంటే, కల్లు దుకాణం ఆబ్కారీ శాఖది, అందులో కలిపిన మత్తుమందు ఔషధ నియంత్రణ అధికారులది, కేసు పోలీసులది, చికిత్స వైద్య శాఖది. ఒక్క మంత్రినే అడిగితే తన వాటా మేరకు చెప్పి కూర్చుంటారు, ఆ మాట అబద్ధమూ కాదు.

ఈ పంపకాల మధ్య ఒక మంచి చట్టం ఎలా ఇరుక్కుపోతుందో గ్రామ న్యాయాలయాల కథ చెబుతుంది. 2008లో చేసి 2009 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి తెచ్చిన ఈ చట్టం ఉద్దేశం చిన్న కేసుల కోసం పల్లె మనిషి పట్నం కోర్టుకు తిరగనక్కరలేకుండా చేయడం. మధ్యస్థాయి పంచాయతీకి, అంటే ఇక్కడి లెక్కలో మండలానికి, ఒక న్యాయాలయం. ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు అర్హతలున్న న్యాయాధికారి అప్పుడప్పుడు ఊళ్లకే వచ్చి విచారణ జరపడం. రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలు, కూలి బకాయిలు, దారి తగాదాలు, నీటి తగాదాల వంటివి అక్కడే తేల్చడం. కల్హేర్ ప్రాంతంలోని నల్లవాగు కాలువ నీటి వంతు మీద ఇద్దరు రైతులు గొడవపడితే అచ్చంగా ఇలాంటి కోర్టుకు తగిన వ్యాజ్యం అది. కోర్టు పెట్టడానికి ఒకేసారి 18 లక్షల రూపాయలు, మొదటి మూడేళ్లు నిర్వహణ ఖర్చులో సగం, ఏడాదికి 3.20 లక్షలకు మించకుండా, కేంద్రం ఇస్తానన్నది.

పార్లమెంటులో ఈ విషయం మీద సభ్యులు మళ్లీ మళ్లీ అడిగారు, కేంద్ర న్యాయ శాఖ మళ్లీ మళ్లీ పట్టిక ఇచ్చింది. ఆ పట్టికల్లో తెలంగాణ ఎదుట నోటిఫై చేసిన న్యాయాలయాలు 55, పనిచేస్తున్నవి సున్న. ఆంధ్రప్రదేశ్ ఎదుట 42, సున్న. అదే మధ్యప్రదేశ్ ఎదుట 89కి 89, కేరళ ఎదుట 30కి 30. ఇంత నగ్నంగా ప్రభుత్వ వైఫల్యాన్ని చూపే పట్టిక అరుదు గాని, దాన్ని వెంటాడిన ప్రశ్న మాత్రం గుండ్రంగా తిరిగింది. చట్టంలో రాష్ట్రాలు స్థాపించ‘వచ్చు’ అని మాత్రమే ఉంది కాబట్టి నిర్ణయం రాష్ట్రాలదని కేంద్రం అంటుంది. హైకోర్టుతో సంప్రదించాలని అదే చట్టం చెబుతుంది కాబట్టి రాష్ట్రం అటు చూపుతుంది. హైకోర్టును సభలో ఎవరూ అడగలేరు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను నాలుగు వారాల్లో నోటిఫికేషన్లు ఇమ్మని ఆదేశించినా, నోటిఫికేషన్ వేరు, తలుపు తెరిచిన కోర్టు వేరు అని తెలుగు రాష్ట్రాల అంకెలే చెబుతున్నాయి. ఈ వలయాన్ని తెంచాలంటే ప్రశ్నను ముక్కలు చేయాలి. ఢిల్లీలో అడగవలసింది: తెలంగాణ ఇప్పటిదాకా ఈ పథకం కింద ఎంత కోరింది, ఎంత విడుదలైంది, ఏ తేదీల్లో. హైదరాబాద్‌లో అడగవలసింది: నోటిఫై చేసిన 55 మండలాల పేర్లేమిటి, వాటిలో కల్హేర్ ఉందా, హైకోర్టుకు చివరిసారి లేఖ రాసిన తేదీ ఏది. తేదీ అడిగిన ప్రశ్నకు ‘తగు చర్యలు తీసుకుంటున్నాం’ అని జవాబు రాయడం ఎంత ప్రవీణుడైన గుమస్తాకైనా కష్టం.

ఇలా అడగడం వల్ల ఒరిగేదేమీ లేదన్న వాదన తెలుగు నేల మీద కొత్తది కాదు, దాన్ని తేలిగ్గా తోసేయడమూ తగదు. పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభకు, ఆ తర్వాత 1955 నుంచి 1967 దాకా శాసనసభకు వెళ్లి, లెక్కలు దగ్గర పెట్టుకొని ప్రభుత్వాన్ని నిలదీసే పద్ధతికి పేరుపడ్డారు. అలాంటి సభ్యుణ్ణే 1964 చివరలో భారత రక్షణ నిబంధనల కింద, అంటే విచారణ అవసరం లేని నిర్బంధం కింద, 1966 దాకా జైలులో పెట్టారు. ఆయన సహచరుడు తరిమెల నాగిరెడ్డి 1969లో సభ మీద నమ్మకం పోయిందని శాసనసభ్యత్వాన్నే వదులుకున్నారు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళ మీద అత్యాచారం జరిగి, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయినప్పుడు వీధుల్లోనూ సభలోనూ రేగిన ఆగ్రహానికి తలవంచి ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్‌ను వేసింది. కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కేసు రాయచూరుకు బదిలీ అయి నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య కేసులో నిందితులను పోలీసులు కాల్చి చంపిన 2019 డిసెంబర్ 6 ఎన్‌కౌంటర్ విషయంలో జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ను నియమించింది సుప్రీంకోర్టు తప్ప సభ కాదు. పైగా ఆ రోజుల్లో ప్రజాప్రతినిధుల్లో చాలామంది అడగడం మానేసి అభినందించారు. ప్రశ్నించే విద్య మరిచిపోవడం అంటే అదే. 2022లో బయటికొచ్చిన నివేదిక ఆ ఎన్‌కౌంటర్ బూటకమని, పది మంది పోలీసులను విచారించాలని చెప్పింది.

అయినా సభను వదిలేస్తే మిగిలే దారులు ఇంకా సన్నవి. సమాచార హక్కు చట్టంలో చట్టసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న ఒక వాక్యం ఉండేది; 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దాన్ని తొలగించింది. పౌరుడి చేతిలో బలం తగ్గిన మేరకు సభ్యుడి ప్రశ్నకు విలువ పెరిగింది.

డబ్బు దగ్గర అడిగే అవకాశం మరొకటుంది. బడ్జెట్‌లో హోం శాఖ పద్దు సభ ముందుకు వచ్చినప్పుడు సభ్యుడు కోత తీర్మానం ఇవ్వవచ్చు. పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటే విధానాన్నే తిరస్కరించినట్టు, వంద రూపాయలు తగ్గించమంటే ఒక ప్రత్యేక ఫిర్యాదును సభ దృష్టికి తెచ్చినట్టు. ఇవి నెగ్గవు, నెగ్గాలని ఎవరూ అనుకోరు కూడా, కాని ఫోరెన్సిక్ నివేదికలు ఎన్ని నెలలు ఆలస్యమవుతున్నాయో, గస్తీ వాహనానికి డీజిల్‌కు ఎంత ఇస్తున్నారో మాట్లాడే సందు దొరుకుతుంది. విచారమేమిటంటే సమావేశాలు కురచబారిన కొద్దీ పద్దులు కట్టలు కట్టలుగా, చర్చ లేకుండా ఆమోదం పొందుతున్నాయి.

సభలో మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘వివరాలు తెప్పిస్తాం’ అన్న మాట హామీ కిందికి వస్తుంది; దాన్ని వెంటాడడానికి లోక్‌సభ 1953లోనే హామీల కమిటీ పెట్టుకుంది, రాష్ట్రాల సభలకూ అలాంటి కమిటీలున్నాయి. కెనడా దిగువ సభలో రాతపూర్వక ప్రశ్నకు 45 రోజుల్లో జవాబు కోరే వీలుంది, గడువు దాటితే జవాబు ఎందుకు రాలేదన్న విషయమే కమిటీ ముందుకు పోతుంది. తెలంగాణ సభకు అలాంటి నియమం వస్తే హోం శాఖ ఫైళ్లు కొంత వేగంగా కదులుతాయి. 2023 డిసెంబర్ నుంచి హోం శాఖ ముఖ్యమంత్రి చేతిలోనే ఉండడం వల్ల, ఎన్నో శాఖల పని మధ్య ఈ ప్రశ్నలకు దక్కే శ్రద్ధ ఎంతన్నది కూడా అడగదగిన ప్రశ్నే.

సభ్యుడికి సమాచారం అందించవలసింది ఊరే. సమావేశాల తేదీలు వెలువడగానే కల్హేర్ పాఠకులు గ్రామ న్యాయాలయం సంగతి, ఠాణాలో ఖాళీల సంగతి, సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదాల సంగతి విడివిడి ప్రశ్నలుగా, ఒక్కొక్కటి అర పేజీ మించకుండా రాసి, రాష్ట్రానికి చెందినవి ఎమ్మెల్యేకు, కేంద్రానికి చెందినవి ఎంపీకి ఇవ్వాలి. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ వేయించుకొని రసీదు తీసుకోవాలి.